పాత కార్ల నమూనాలు: పలచన చేయడంలోనే పనితనం

సంపాదకులు గారికి,

నమస్కారములు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో పాతకాలపు విలాసవంతమైన కార్ల స్కేల్ నమూనాల (అసలు కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసే చిన్న కార్ల) గురించి వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఆసక్తితో చదివాను. ఎప్పుడూ ఆటవస్తువుల కోవలో చేర్చి పక్కన పెట్టేసే ఈ పనికి ఒక పూర్తి పుట కేటాయించినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసంలోని రెండు అభిప్రాయాలతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నమూనాలో భాగాలు ఎన్ని ఎక్కువ ఉంటే, అది ఎంతగా మెరిస్తే అంత గొప్పదన్నది మొదటిది. త్రీడీ ప్రింటర్లు వచ్చాక ఈ రంగంలో చేతిపనికి కాలం చెల్లిందన్నది రెండోది. చాలా ఏళ్లుగా ఈ పనిలో మునిగి ఉన్నవాడిగా, మంచి నమూనా ఎక్కడ మంచిదవుతుందో, కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారు దేన్ని చూడటం నేర్చుకోవాలో చెప్పవలసిన అవసరం ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా అసలు కార్ల సంగతి చూద్దాం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో రోల్స్‌రాయిస్ సంస్థ పూర్తి కారును అమ్మేది కాదు. ఇంజిను, ఛాసిస్ (కారు అడుగు చట్రం), రేడియేటర్ వరకు తాను తయారు చేసి ఇచ్చేది; దానిపై బాడీని బార్కర్, హూపర్, పార్క్ వార్డ్, థ్రప్ అండ్ మేబర్లీ వంటి కోచ్‌బిల్డర్లు కొన్నవారి అభిరుచిని బట్టి విడిగా కట్టేవారు. యాష్ చెట్టు కర్రతో చట్రం కట్టి, దానిమీద అల్యూమినియం రేకును చేత్తో సాగదీసి తొడిగేవారు. అమెరికాలో 1928 చివర 265 అశ్వశక్తి ఇంజినుతో వెలువడిన డ్యూసెన్‌బర్గ్ జె మోడల్‌దీ ఇదే దారి; దాని ఛాసిస్‌పై మర్ఫీ, లెబారన్ వంటి సంస్థలు బాడీలు కట్టాయి. అందుచేత ‘రోల్స్‌రాయిస్ ఫాంటమ్ 2 నమూనా చేస్తున్నాను’ అని ఎవరైనా అంటే, ఏ సంవత్సరంలో తయారైన ఏ ఛాసిస్, దానిపై ఎవరు కట్టిన బాడీ, దాని జీవితంలో ఏ కాలం నాటి రూపం అన్న ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ఆయన పని మొదలు కానట్టే.

ఇది చాదస్తం కాదని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. బుగాటీ టైప్ 41 రొయాల్ కార్లు ఇప్పుడు లోకంలో ఆరే ఉన్నాయి. 12.7 లీటర్ల ఇంజిను, దాదాపు 4.3 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం), రేడియేటర్ మూతపై సంస్థ స్థాపకుడు ఎట్టోర్ బుగాటీ తమ్ముడు, శిల్పి రెంబ్రాంట్ బుగాటీ చెక్కిన ఏనుగు బొమ్మ వాటి గుర్తులు. వాటిలో ఒకదాన్ని 1932లో అర్మాండ్ ఎస్డర్స్ అనే ఫ్రెంచి వస్త్ర వ్యాపారి కొన్నారు. ఎట్టోర్ కుమారుడు జాఁ బుగాటీ గీసిన ఆ రోడ్‌స్టర్‌కు (రెండు సీట్ల ఓపెన్ కారుకు) హెడ్‌లైట్లు లేవు; తాను రాత్రిళ్లు కారు నడపనని, కాబట్టి అవి వద్దని ఎస్డర్స్ చెప్పారు. కొన్నేళ్ల తర్వాత అదే ఛాసిస్‌పై బైండర్ సంస్థ పూర్తిగా వేరే బాడీ కట్టింది. హెడ్‌లైట్లతో, వెనుక సీట్ల మీద పైకప్పుతో అది ఇంకో కారే అయిపోయింది. ఎస్డర్స్ రోడ్‌స్టర్ నమూనాను ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్ది, చివర్లో అందం కోసమని ముందు రెండు దీపాలు అమర్చితే, అలాంటి కారు ఏనాడూ రోడ్డెక్కలేదన్న మాట. ఇక్కడ ఒక భాగాన్ని వదిలేయడమే నిజాయితీ. భాగాల సంఖ్యతో నమూనా విలువను కొలవడం ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఈ ఒక్క కారు చెబుతుంది.

స్కేళ్ల గురించి వ్యాసంలో కొంత గందరగోళం ఉంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇప్పుడు అంకెల్లో రాస్తున్న ఈ నిష్పత్తులలో చాలావరకు అడుగు, అంగుళాల లెక్క నుంచి వచ్చినవే. అసలు కారులోని ఒక అడుగును నమూనాలో ఒక అంగుళంగా చూపితే 1:12, ముప్పాతిక అంగుళంగా చూపితే 1:16, అర అంగుళంగా చూపితే 1:24, ఒకటిన్నర అంగుళాలుగా చూపితే 1:8 వస్తాయి. 1:43 మాత్రం రైలు నమూనాల వైపు నుంచి వచ్చింది. ‘ఓ గేజ్’ అనే పరిమాణపు నమూనా రైళ్లకు వాడిన అడుగుకు 7 మిల్లీమీటర్ల కొలతే దానికి మూలం. విడి భాగాలుగా అమ్మే ప్లాస్టిక్ కిట్లలో ఎక్కువగా దొరికేది 1:24 కాబట్టి ఇకపై లెక్కలన్నీ ఆ స్కేల్‌లోనే ఇస్తాను.

ఇక అసలు విషయం మందం. కిట్‌లోని మడ్‌గార్డ్ అంచు ఒక మిల్లీమీటరు మందం ఉందనుకుందాం. అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్ సాఫీగా పారాలంటే, బయటికి తీసేటప్పుడు విరగకుండా ఉండాలంటే అంత మందం అవసరమే. కానీ 24తో హెచ్చవేస్తే, అది అసలు కారులో 24 మిల్లీమీటర్ల మందమున్న రేకుతో సమానం. నిజమైన రేకు మందం ఒకటి, ఒకటింపావు మిల్లీమీటర్లకు మించదు. చూసేవారికి ఈ లెక్క తెలియకపోవచ్చు గానీ కన్ను పసిగట్టేస్తుంది. ఎంత ఖరీదైన రంగు వేసినా, ఎంత మెరుగు పెట్టినా ఆ కారు బొమ్మలాగే కనిపించడానికి కారణం చాలాసార్లు ఈ అంచే. తలుపు అంచులు, బానెట్ పక్కల్లో వేడి గాలి పోయే చీలికలు, ముందు అద్దం చట్రం, స్టీరింగు చక్రం కమ్మీలు, రేడియేటర్ మూతపై బొమ్మ మెడ, అన్నిటిదీ ఇదే కథ. నమూనాకు మెరుగులు దిద్దడమంటే ఏదో తెచ్చి అతికించడమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో ఆ సమయంలో ఎక్కువ భాగం ఉన్నదాన్ని తీసేయడానికే పోతుంది.

మడ్‌గార్డ్‌నే తీసుకుని ఆ పని ఎలా సాగుతుందో చెబుతాను. బయటి వైపు వంపు కిట్ తయారీదారులు కష్టపడి సాధించినది కాబట్టి దాన్ని ముట్టుకోకూడదు. గీకవలసినది లోపలి వైపే. వంపు తిరిగిన కత్తి మొనను దాదాపు నిలువుగా పట్టుకుని, కోయకుండా, అంచు నుంచి లోపలికి వేలి వెడల్పు మేర సన్నని పొట్టు లేచేలా గీస్తూ పోవాలి. కొద్దిసేపటికొకసారి దాన్ని దీపానికి అడ్డంగా పెట్టి చూడాలి. పలచబడిన చోట తెల్లని ప్లాస్టిక్ గుండా వెలుతురు కనిపిస్తుంది, మందంగా ఉన్న చోట నీడ ఉంటుంది. ఆ వెలుతురు అంచు పొడవునా ఒకే తీరుగా వచ్చేదాకా గీకి, ఆ తర్వాత 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 1000 వరకు తడిపి రుద్దాలి. 0.05 మిల్లీమీటర్ల అసలు లెక్కకు ప్లాస్టిక్‌లో ఎవరూ చేరలేరు, చేరినా అది నిలవదు. అంచు 0.2 మిల్లీమీటర్లకు వచ్చి, లోపలికి పోయేకొద్దీ క్రమంగా మందమైతే చాలు, కన్ను దాన్ని రేకుగానే ఒప్పుకుంటుంది. ఒక్క మడ్‌గార్డ్‌కు ఒక సాయంత్రం పట్టినా అది వృథా అయిన సాయంత్రం కాదు.

గాజు సంగతీ అంతే. ఒక మిల్లీమీటరు మందంతో పోత పోసిన పారదర్శక ప్లాస్టిక్ అద్దం, అంచుల దగ్గర కాంతిని వంచి, తాను మందంగా ఉన్నానని చాటుకుంటుంది. ఆ కాలపు కార్ల అద్దాలు బల్లపరుపుగా ఉండేవి కాబట్టి మనకు పని సులువు, 0.2 మిల్లీమీటర్ల పారదర్శక షీటును కొలిచి కత్తిరించి అమర్చవచ్చు. సూపర్ గ్లూ మాత్రం ఆ దరిదాపులకు రానీయకూడదు, దాని ఆవిరి అద్దాన్ని తెల్లగా మసకబారుస్తుంది. నీటిలో కరిగే తెల్లజిగురు చాలు.

తలుపుల చుట్టూ ఉండే సందుల దగ్గర మరో చిక్కు ఉంది. అసలు కారులో 4 మిల్లీమీటర్ల సందు 1:24లో సుమారు 0.17 మిల్లీమీటర్లు అవుతుంది. దాని రెండు గోడల మీదా 0.05 మిల్లీమీటర్ల చొప్పున ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), రంగు చేరితే మిగిలేది 0.07. అంటే రంగు వేశాక ఆ గీత దాదాపు పూడిపోతుంది. అందుకే ప్రైమర్ వేయక ముందే సందును లోతుగా గీసుకోవాలి. వెడల్పు పెంచకుండా లోతు పెంచడమే ఇందులో నేర్పు. తర్వాత దానిలో నల్లరంగు నింపేవారున్నారు. లేత రంగు కారుకు అది మరీ కార్టూన్ గీతలా కనబడుతుంది, బాడీ రంగునే రెండు పాళ్లు ముదురు చేసి నింపడం నాకు సరైనదనిపిస్తుంది.

నిష్పత్తుల విషయంలో కిట్‌ను గుడ్డిగా నమ్మకూడదు. డ్యూసెన్‌బర్గ్ జె ఛాసిస్ 142.5 అంగుళాలు, 153.5 అంగుళాలు అనే రెండు వీల్‌బేసుల్లో వచ్చింది. 1:24లో ఒకటి 150.8 మిల్లీమీటర్లు, రెండోది 162.5 మిల్లీమీటర్లు. పొడవాటి ఛాసిస్‌పై కట్టిన బాడీ ఫోటోను ఎదురుగా పెట్టుకుని పొట్టి ఛాసిస్ కిట్‌తో పనిచేస్తే దాదాపు 12 మిల్లీమీటర్ల తేడా ఎక్కడో ఒకచోట బయటపడుతుంది, ఎక్కువగా వెనుక తలుపు మీదనో మడ్‌గార్డుల మధ్య మెట్టు మీదనో. తయారీదారు ప్రకటించిన వీల్‌బేస్ అందరికీ అందుబాటులో ఉండే కొలత. పక్క నుంచి, దూరం నుంచి తీసిన ఫోటోలో ఆ కొలతను గజంబద్దగా పెట్టుకుని తలుపు వెడల్పు, బానెట్ పొడవు, టాపు ఎత్తు రాబట్టవచ్చు. దగ్గరి నుంచి తీసిన ఫోటోలో ముందు చక్రం ఉబ్బి, వెనుక భాగం కుంచించుకుపోయి కనిపిస్తుంది. దాని నుంచి తీసిన కొలత ఎంత ఓపికగా తీసినా తప్పే అవుతుంది.

పాత ఫోటోలు రంగుల విషయంలోనూ మోసం చేస్తాయి. ఆనాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టుకోలేదు. ముదురు ఎరుపు కారు అందులో నల్లగా వస్తుంది, నీలం కారు ఉన్నదానికంటే లేతగా తేలిపోతుంది. ‘ఫోటోలో నల్లగా ఉంది కాబట్టి నల్లరంగు వేశాను’ అనే వాదన ఆ కాలపు ఫోటోకు చెల్లదు. కోచ్‌బిల్డర్ల ఆర్డరు పుస్తకాల్లోని నమోదో, పునరుద్ధరణ సమయంలో అడుగు పొరల్లో దొరికిన రంగో దీనికి నమ్మకమైన సాక్ష్యం.

మెరుపు గురించి వ్యాసం ఎంతో మెచ్చుకోలుగా రాసింది. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే ఎక్కువ. కార్లపై క్రోమ్ పూత 1920ల చివరి సంవత్సరాల్లో గానీ వాడుకలోకి రాలేదు. అంతకు ముందు ఉన్నది నికెల్. లేదా ఇత్తడి, కొన్నిటికి వెండి. 1907లో రోల్స్‌రాయిస్ ప్రచారం కోసం తయారు చేసిన సిల్వర్ ఘోస్ట్‌కు వెండి పూత పూసిన అమరికలే ఉన్నాయి. నికెల్ మెరుపులో కొంచెం పసుపు వెచ్చదనం ఉంటుంది, క్రోమ్‌లో నీలి చల్లదనం ఉంటుంది. 1914 నాటి కారు రేడియేటర్‌కు క్రోమ్ మెరుపు పెడితే, తెలిసినవారికి అది ఒక్క చూపులోనే అసలు కాలానికి దూరమవుతుంది. ఇక కిట్‌తోపాటే మెరుస్తూ వచ్చే భాగాలపై ఉన్నది క్రోమ్ కాదు, లాకర్ (త్వరగా ఆరే నిగనిగల పూత) పొర మీద శూన్యంలో ఆవిరి చేసి అంటించిన అతి పలచని అల్యూమినియం. దాని కింద అచ్చు గీతలు, తుంచిన చోట మచ్చలు అలాగే ఉంటాయి. అల్యూమినియం క్షారానికి కరిగిపోతుంది కాబట్టి బట్టల బ్లీచింగ్ ద్రవంలో నానబెడితే ఆ పొర ఊడివస్తుంది. చేతికి తొడుగులు వేసుకుని, గాలి ఆడే చోట, మరే రసాయనంతోనూ కలపకుండా చేయాలి. ఆ తర్వాత గీతలు రుద్ది, మచ్చలు పూడ్చి, నిగనిగలాడే నల్లరంగు వేసి, అది పూర్తిగా ఆరాక దానిపై లోహపు లాకర్‌ను ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చల్లే సాధనంతో) పొగమంచులా పలచగా కొట్టాలి. నికెల్ కావాలంటే ఆ పైన ఒకే ఒక్క పొర, కనీకనబడని పసుపు. కిటికీల చుట్టూ ఉండే సన్నని పట్టీలకు జిగురు పూసిన పలచని అల్యూమినియం రేకు అన్నిటికంటే మంచిది, ఎందుకంటే అది నిజంగా లోహమే.

రంగు దగ్గరా ఇదే సంయమనం కావాలి. 1920ల మధ్యలో నైట్రోసెల్యులోజ్ లాకర్ వచ్చేదాకా గుర్రపు బగ్గీలకు పూసినట్టే కార్లకు కూడా వార్నిష్‌ను పొర మీద పొరగా, వారాల తరబడి ఆరబెడుతూ పూసేవారు. ఆ లోతైన నిగారింపు అందమైనదే. దాన్ని నమూనాలో తేవాలని మందపాటి పారదర్శక పొరలు కుమ్మరిస్తే, 0.15 మిల్లీమీటర్ల పూత అసలు కారు మీద మూడున్నర మిల్లీమీటర్ల పూతతో సమానమై, బానెట్ కీలు, రివెట్లు, తలుపు పిడుల కింది గీతలు అన్నీ మునిగిపోతాయి. పలచని పొరలు వేసి, ఆరాక అతి సన్నని రాపిడి గుడ్డలతో నునుపు చేస్తే తక్కువ మందంలోనే ఆ లోతు వస్తుంది. మెరిసే లోహపు రేణువులున్న నేటి కార్ల రంగును వాడటం మరీ పొరపాటు. రేణువు 0.03 మిల్లీమీటర్లు ఉన్నా 1:24లో అది ముప్పాతిక మిల్లీమీటరు పలుకులా కనిపిస్తుంది. బాడీ పొడవునా సాగే అలంకార గీతను అసలు కార్లపై చేయి తిరిగిన పనివారు కుంచెతో గీసేవారు. 3 మిల్లీమీటర్ల ఆ గీత నమూనాలో 0.125 మిల్లీమీటర్లు. రూలింగ్ పెన్నులో (సన్నని గీతలు గీసే రెండు రేకుల కలంలో) రంగు పలచన చేసి పోసి, ఊపిరి బిగబట్టి గీయడం తప్ప దీనికి దగ్గరి దారి నాకు కనబడలేదు. ఇందులో ఉన్న తృప్తి కూడా ఈ పని మొత్తంలో నాకు మరెక్కడా దొరకలేదు.

భాగాల సంఖ్య విషయంలో వ్యాసం ఉదహరించిన ఇటలీ కిట్ల గురించి ఒక మాట. ట్యూరిన్‌కు చెందిన పోచెర్ సంస్థ 1:8లో విడుదల చేసిన రోల్స్‌రాయిస్ ఫాంటమ్ 2 సెడాంకాలో (డ్రైవరు మీది పైకప్పు తెరిచే వీలున్న బాడీ) రెండు వేలకు పైగా భాగాలున్న మాట నిజం. చక్రాల స్పోకులను ఒక్కొక్కటిగా చేత్తో అల్లించే ఆ కిట్ అంటే నాకు ఎంతో గౌరవం. స్పోకులు అల్లిన వ్యక్తికి చక్రం ఎలా నిలబడుతుందో అర్థమవుతుంది: హబ్ (చక్రం నడిమి భాగం) నుంచి లోపలి వరుస ఒకవైపు, బయటి వరుస మరోవైపు వాలుగా సాగి, ఒకదాన్నొకటి దాటుకుంటూ రిమ్‌ను చేరతాయి, ఏ ఒక్కటి బిగువు తగ్గినా చక్రం అటో ఇటో వంకర తిరుగుతుంది. కానీ ఆ రెండు వేలలో గణనీయమైన భాగం మరలే (స్క్రూలే). పెద్ద గాడి ఉన్న మర తల ఒకటిన్నర మిల్లీమీటర్లుంటే, ఆ స్కేల్‌లో అది 12 మిల్లీమీటర్లు. అసలు కారులో అక్కడ బయటికి కనబడే మర ఉండకపోవచ్చు, ఉన్నా షట్కోణపు బోల్టు తల ఉండవచ్చు. మంచి పనివాడు ఆ మరలను ఒక్కొక్కటిగా దాచేస్తాడు, లేదా మారుస్తాడు. బ్రిటన్‌కు చెందిన జెరాల్డ్ వింగ్రోవ్ 1:15 స్కేల్‌లో డ్యూసెన్‌బర్గ్‌ల వంటి కార్లను ఏ కిట్ లేకుండా లోహం నుంచి నేరుగా తయారుచేసి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చుకున్నారు. ఆ నమూనాల ఫోటోలను చూసినప్పుడు ఎవరికీ భాగాలు లెక్కపెట్టాలనిపించదు. అవి కార్లలా నిలబడి ఉంటాయి, అంతే.

ఇప్పుడు ప్రింటర్ల సంగతి. నేను వాటికి వ్యతిరేకిని కాను. ద్రవరూపంలోని రెజిన్‌ను కాంతితో పొరలు పొరలుగా గట్టిపరచే యంత్రం, కార్బ్యురేటర్లు, దీపాల చట్రాలు, తలుపు పిడులు వంటి చిన్న భాగాలను చేతికి అందని సూక్ష్మతతో ఇస్తుంది. ఎవరూ కిట్ చేయని బాడీని కూడా దానితో తెచ్చుకోవచ్చు. అయితే ఆ యంత్రం గీసి ఇచ్చినదాన్నే ముద్రిస్తుంది. తలుపు వంపు ఎక్కడ మొదలై ఎక్కడ చదునవుతుందో, రోల్స్‌రాయిస్ రేడియేటర్‌లో నిటారుగా కనిపించే గీతలు నిజానికి ఎంత స్వల్పంగా ఉబ్బి ఉంటాయో, చూడటం నేర్చుకోని మనిషి తెరపై గీసినా తప్పుగానే గీస్తాడు. ముద్రణ నుంచి వచ్చిన భాగానికి ఆసరా పుల్లల మచ్చలుంటాయి, వంపుల మీద మెట్లలాంటి పొరల గీతలుంటాయి. వాటిని రుద్ది తీసేది మళ్లీ మనిషి వేళ్లే. పెద్ద పలచని పలకలు కాలక్రమేణా వంగిపోతాయి, ఎండ తగిలితే పెళుసుబారతాయి. అందువల్ల యంత్రం వచ్చి తీసుకెళ్లింది పనిలోని ఒక భాగాన్నే. కొలవడం, ఎంచుకోవడం, పలచన చేయడం, రంగు వేయడం ఎక్కడివక్కడే ఉన్నాయి.

అమెరికాలో జనరల్ మోటార్స్ అనుబంధ సంస్థ ఫిషర్ బాడీ 1930 నుంచి 1968 వరకు బాలలకు, యువకులకు నమూనాల పోటీలు నిర్వహించింది. మొదటి ఏళ్లలో నెపోలియన్ కాలపు గుర్రపు బగ్గీ నమూనాను వాళ్లే కర్ర, లోహం, బట్టలతో తయారు చేయాలి; తర్వాత సొంతంగా రూపకల్పన చేసిన కార్ల నమూనాలు. గెలిచినవారికి చదువుకు ఉపకార వేతనాలు దక్కేవి, ఆ పోటీల్లో పాల్గొన్నవారిలో పలువురు తర్వాత కార్ల రూపకర్తలయ్యారు. చేత్తో ఒక వంపును సాధించినవాడికి ఆ వంపు బుర్రలో నిలిచిపోతుందన్న నమ్మకం మీదే ఆ పోటీ అన్నేళ్లు నడిచింది. ప్రింటర్ల కాలంలోనూ నేర్చుకునే పిల్లలకు మొదట ఒక ఆకురాయి, ఒక వెర్నియర్ కాలిపర్ ఇవ్వాలని నేను కోరుకుంటాను.

వ్యాసంలో అసలు ప్రస్తావనకే రానిది, పూర్తయిన నమూనా ఎంతకాలం నిలుస్తుందన్న విషయం. వినైల్ టైర్లను మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ నెమ్మదిగా బయటికి వచ్చి, తగిలి ఉన్న ప్లాస్టిక్ రిమ్‌ను కరిగించివేస్తుంది. ఏళ్ల తర్వాత పెట్టె తెరిస్తే చక్రం టైరులోకి కుంగిపోయి ఉంటుంది. అమర్చే ముందే రిమ్‌కు పలచని లోహపు రేకు చుడితే ఈ బెడద తప్పుతుంది. జింకు మిశ్రమంతో పోత పోసిన పాత లోహపు కార్లకు వేరే జబ్బు ఉంది. మిశ్రమంలో సీసం వంటి మలినం కొద్దిగా చేరినా లోహం లోపలి నుంచి ఉబ్బి, పగిలి, పొడిపొడి అవుతుంది. తేమ దాన్ని వేగవంతం చేస్తుంది. దానికి మందు లేదు, పొడి చోట ఉంచి ఆలస్యం చేయడమే. నమూనాతోపాటు తయారు చేసే మనిషీ నిలవాలి కదా. రెండు భాగాలు కలిపి వాడే గట్టి పారదర్శక పూతలలో ఐసోసైనేట్లుంటాయి, వాటి తుంపర ఊపిరితిత్తులకు శాశ్వతమైన హాని చేయగలదు. తగిన రెస్పిరేటర్, గాలిని బయటికి లాగే ఏర్పాటు లేకుండా వాటిని కొట్టకూడదు. రెజిన్‌ను ఎప్పుడూ తడిపే రుద్దాలి. మెరిసే ఫోటోల పక్కన ఈ నాలుగు ముక్కలు కూడా అచ్చయి ఉంటే, ఆ పుట చూసి ఉత్సాహపడే కుర్రవాళ్లకు మేలు జరిగేది.

చివరగా మీకు ఒక విన్నపం, పాత కార్లను భద్రపరచిన సంస్థలకు, యజమానులకు మరొకటి. మీరు పాత కారు ఫోటోను గానీ దాని నమూనా ఫోటోను గానీ ప్రచురించినప్పుడు, కింద కారు పేరుతో సరిపెట్టకుండా తయారైన సంవత్సరం, బాడీ కట్టిన కోచ్‌బిల్డర్ పేరు, తెలిస్తే ఛాసిస్ నంబరు ఇవ్వండి. నమూనా అయితే స్కేల్, ఏ కారును చూసి చేశారు, కిట్‌కు ఏ మార్పులు చేశారు అన్నవి చేర్చండి. మొన్నటి పుటలోని అందమైన ఫోటోల్లో ఒక్కదాని కిందా ఈ వివరాలు లేకపోవడం వల్ల వాటిని పనికి వాడుకునే వీలు లేకపోయింది. ఇక యజమానులకు నా మనవి ఏమంటే, పునరుద్ధరణ కోసం బాడీని ఛాసిస్ నుంచి విడదీసిన రోజుల్లో, దాని పక్కనే కొలత బద్దను ఉంచి, పక్క నుంచి, ఎదురు నుంచి, పై నుంచి, వీలైనంత దూరంగా నిలబడి కొన్ని ఫోటోలు తీయించి అందరికీ అందుబాటులో ఉంచండి. మళ్లీ అతుకు పడ్డాక ఆ లోపలి కొలతలు మరో తరం దాకా ఎవరికీ దొరకవు.

భవదీయుడు,
స్కేల్ నమూనాల తయారీలో ఉన్న మీ పాఠకుడు